గడ్డకు పేరు, పేరుకు మందు: ‘డాగ్‌1’ అనే అయాన్ ఛానల్ ప్రోటీన్ నామచరిత్ర

వ్యాససంగ్రహం:
జీర్ణవ్యవస్థలో పుట్టే క్యాన్సర్లను గుర్తించడానికి ఉపకరించే జీవసూచికలలో కొన్ని అయాన్ ఛానల్ ప్రోటీన్లు. వాటిలో వైద్యవ్యవహారంలో బాగా స్థిరపడినది ‘డాగ్‌1’. 2004లో అది క్యాన్సరు ఆనవాలుగా దొరికింది. 2008లో గాని అది అయాన్ ఛానల్ అని తెలియలేదు. 2014 తరువాత గాని దాని శాస్త్రీయనామంలోని ఒక భాగం పొరపాటని తేలలేదు. ఈ ప్రోటీన్‌కు పేర్లు ఏర్పడిన క్రమాన్ని, ఒక గడ్డకు పేరు మారడంవల్ల దాని చికిత్స మారిన తీరును, ఆ చికిత్సలో హైదరాబాదు మందుల పరిశ్రమ పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగులో శాస్త్రపదకల్పన చేసేవారికి ఈ చరిత్ర ఎందుకు అవసరమో కూడా చర్చించాను.

కీలకపదాలు: అయాన్ ఛానల్, జీవసూచిక, ఆనవాలు, జిస్ట్, డాగ్‌1, అనోక్టమిన్, ఇమాటినిబ్, పారిభాషికపదాలు.

1. ప్రవేశిక:

శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలోనూ, దానికి పొరుగునున్న ధర్మవరం ప్రాంతంలోనూ కడుపులో పెరిగే కణితిని ‘గడ్డ’ అంటారు. అది ప్రాణాంతకమని తేలితే ‘క్యాన్సరు గడ్డ’ అవుతుంది. అంతకుమించిన విభజన వాడుకలో లేదు. ఇది ఈ ప్రాంతపు లోపం కాదు. తెలుగువారందరి వాడుకా ఇంతే. పాతమాట ‘రాచపుండు’ కూడా కంటికి కనిపించే పుండును చూసి పుట్టినదే. అందుకే మధుమేహరోగికి వీపున లేచే పెద్ద సెలగడ్డకూ, క్యాన్సరుకూ అదే మాట చెల్లింది. ‘రాచ’ అన్న విశేషణం వ్యాధి పెద్దదని చెబుతుందే తప్ప ఎలాంటిదో చెప్పదు. క్షయకు ‘రాజయక్ష్మ’ అన్న పేరు కూడా ఈ దారిలోదే. సుశ్రుతసంహితలోని ‘అర్బుదం’ ఉబ్బి పెరిగిన మాంసాన్ని సూచిస్తుంది. గ్రీకులు దీనిని ఎండ్రకాయతో పోల్చి ‘కార్కినోస్’ అన్నారు. లాటిను ‘క్యాన్సర్’ దానికి సమానార్థకమే. ఏ భాషలో చూసినా పూర్వనామాలన్నీ రూపాన్ని పట్టుకుని పుట్టినవే.

గత నాలుగు దశాబ్దాలలో ఈ నామకరణపద్ధతి మారిపోయింది. ఇప్పుడు గడ్డకు పేరు పెట్టేది దాని ఆకారం ఒక్కటే కాదు. దాని కణాలపై ఏ ప్రోటీన్ ఉందన్నది కూడా పేరును నిర్ణయిస్తుంది. పేరునుబట్టి మందు, మందునుబట్టి ఆయుర్దాయం మారుతున్నాయి. నామకరణం భాషావిద్యార్థికి సంబంధించిన విషయం గనుక, వైద్యశాస్త్రంలోని ఈ మార్పును తెలుగుశాఖలో పనిచేసేవారు కూడా పట్టించుకోవాలని నా అభిప్రాయం.

తెలుగులో క్యాన్సరు చరిత్ర రాసేవారు సాధారణంగా యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) దగ్గర ఆగుతారు. అది సహజమే. పేగులను పీల్చిపిప్పిచేసే స్ప్రూ వ్యాధికి తోబుట్టువులను కోల్పోయిన మనిషి, ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసి, ఆ దారిలోనే మెథోట్రెక్సేట్ వంటి క్యాన్సరు మందులకు కారకుడయ్యాడు. అయితే ఆయన మరణించిన తరువాతి డెబ్బైయేళ్ల చరిత్రలోనూ తెలుగునేల ప్రస్తావన ఉంది. దాని గురించి మనవాళ్లు రాసింది తక్కువ.

2. ‘అయాన్’, ‘ఛానల్’ – రెండు మాటలు:

‘అయాన్’ అన్న మాటను 1834లో మైకేల్ ఫారడే వాడుకలోకి తెచ్చాడు. విలియం హ్యూయెల్ అనే పండితుడు సూచించిన గ్రీకుపదం అది. ‘వెళ్లేది’ అని అర్థం. విద్యుత్తు ప్రవహించినప్పుడు ద్రావణంలో ఒక ధ్రువంవైపు వెళ్లే కణం అని ఫారడే ఉద్దేశం. ఈ గ్రీకుధాతువూ, గత్యర్థకమైన సంస్కృత ‘ఇణ్’ ధాతువూ ఒకే మూలంనుంచి వచ్చినవి. ఉత్తరాయణ, దక్షిణాయనాల్లోని ‘అయనం’ ఆ ధాతువునుంచి పుట్టినదే. కాబట్టి ‘అయాన్’ మనకు ధ్వనిలో మాత్రమే కాదు, వంశంలోనూ దగ్గరిచుట్టం. దీనికి వేరే అనువాదం వెదకవలసిన పని లేదు.

‘ఛానల్’ విషయం అలా కాదు. దీనిని ‘కాలువ’ అనో ‘వాహిక’ అనో అనువదించడం చూస్తుంటాం. కాలువ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కణం పొరలోని అయాన్ ఛానల్ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఏ అయాన్‌ను వెళ్లనివ్వాలో ఎంచుకుంటుంది. బుక్కపట్నం, ధర్మవరం చెరువుల కింద సేద్యం చేసిన రైతుకు దీనిని ‘తూము’ అంటే వెంటనే అర్థమవుతుంది. తూముకు తలుపు ఉంటుంది. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఒక కట్టడి ఉంటుంది. కట్టకు ఇటువైపు నీటిమట్టం ఎక్కువ, అటువైపు తక్కువ కావడంవల్లనే తూము తెరిస్తే నీరు పారుతుంది. కణంలోనూ అంతే. లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ హెచ్చుతగ్గుల మట్టమే ప్రవాహానికి ఆధారం. పారిభాషికపదంగా ‘అయాన్ ఛానల్’ను అలాగే ఉంచి, వివరణలో ‘తూము’ పోలికను వాడడం మేలని నేను భావిస్తాను.

ఈ తూములు ఉన్నాయన్న ఊహకు గట్టి పునాది 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువుపై చేసిన పనితో పడింది. ఒక్కొక్క ఛానల్‌గుండా పారే విద్యుత్తును విడిగా కొలిచింది నెహర్, సాక్‌మన్‌లు, 1976లో. పొటాషియం ఛానల్ ఆకృతిని 1998లో మెక్‌కినన్ అణువు అణువుగా చూపించాడు. ఈ మూడు పరిశోధనలకూ వేర్వేరు సంవత్సరాల్లో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఇదంతా ప్రధానంగా నాడుల, కండరాల చరిత్రగానే సాగింది. క్యాన్సరుతో దీనికి సంబంధం ఉండవచ్చునన్న ఆలోచన ఆలస్యంగా బలపడింది.

3. గడ్డకు పేరు మారిన క్రమం:

జీర్ణాశయం, పేగుల గోడల్లో పుట్టే కొన్ని గడ్డలను చాలాకాలం నునుపుకండరపు గడ్డలుగా లెక్కకట్టారు. సూక్ష్మదర్శినిలో సన్నని కదురుల్లా కనిపించే వాటి కణాలు కండరకణాలను పోలి ఉండడమే దానికి కారణం. లయోమయోమా, లయోమయోసార్కోమా అన్న పేర్లు ఆ రోజుల్లోవే. 1983లో మేజర్, క్లార్క్ అనే ఇద్దరు పెథాలజిస్టులు వీటిలో చాలావాటికి కండరలక్షణాలు లేవని గమనించి, ఏ కణంనుంచి పుట్టిందో తేల్చకుండా ‘స్ట్రోమల్’ గడ్డలు అన్నారు. ‘స్ట్రోమా’ అంటే అవయవానికి ఆధారంగా ఉండే కణజాలం. అంటే ఆ పేరు ఒక రకంగా వాయిదా. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకుండా పేరు పెట్టడం శాస్త్రంలో అరుదుగా కనిపించే నిజాయితీ. ఈ గడ్డలే తరువాత ‘గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్’, సంక్షిప్తంగా ‘జిస్ట్’ అయ్యాయి.

1998లో జపాన్ శాస్త్రజ్ఞుడు హిరోటా, ఆయన సహచరులు ఈ గడ్డల్లో ‘కిట్’ అనే జన్యువు మార్పు చెంది ఉందని కనుగొన్నారు. కిట్ ప్రోటీన్ కణానికి పెరగమని ఆజ్ఞ అందించే గ్రాహకం. మార్పుచెందిన కిట్ ఎవరూ చెప్పకపోయినా ఆ ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది. పేగుగోడలో సహజంగా కిట్ ఉండే కణాలు మరొకటి ఉన్నాయి. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రమోన్ యి కహాల్ పంతొమ్మిదో శతాబ్దం చివర వర్ణించిన ‘కహాల్ కణాలు’ అవి. జీర్ణాశయాన్ని నిమిషానికి సుమారు 3 సార్లు, చిన్నపేగు మొదటిభాగాన్ని సుమారు 12 సార్లు లయబద్ధంగా కదిలించే విద్యుత్తరంగాలు వీటిలోనే పుడతాయి. జిస్ట్ గడ్డలు ఈ కణాలకు, లేదా వీటి మూలకణాలకు సంబంధించినవని అలా తేలింది. కండరం గడ్డ అనుకున్నది కండరాన్ని నడిపించే కణపు గడ్డ అయింది.

ఈ పేరుమార్పు కేవలం పాండిత్యవిషయం కాదు. లయోమయోసార్కోమా అన్న పేరుతో ఇచ్చిన సాధారణ కీమోథెరపీకి ఈ గడ్డలు దాదాపు లొంగేవి కావు. శస్త్రచికిత్సతో తీయలేని దశకు వస్తే వైద్యుల దగ్గర చెప్పుకోదగిన మందు లేదు. అదే సమయంలో ఒకరకం రక్తక్యాన్సరుకోసం తయారవుతున్న ‘ఇమాటినిబ్’ కిట్‌ను కూడా అడ్డుకుంటుందని తెలిసింది. 2000 మార్చిలో ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో ఒక జిస్ట్ రోగికి దానిని మొదటిసారి ఇచ్చారు. గడ్డలు తగ్గిన వివరం 2001 ఏప్రిల్‌లో ప్రచురితమైంది. 2002లో అమెరికా ప్రభుత్వసంస్థ జిస్ట్ చికిత్సకు ఆ మందును అనుమతించింది. గడ్డ పాతదే. పేరు మారేసరికి మందు దొరికింది.

ఇక్కడే ఆనవాలు అవసరమైంది. గడ్డముక్కపై ‘కిట్’ ప్రతిరక్షకం వేస్తే, ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఇదే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష. కానీ నూటికి సుమారు ఐదు జిస్ట్ గడ్డల్లో ఆ రంగు రాదు. వాటిలో కొన్నింటికి కారణం కిట్ కాదు, ‘పీడీజీఎఫ్ఆర్ఏ’ అనే దాయాది జన్యువు. రంగు రాని రోగికి జిస్ట్ అన్న పేరు రాదు. పేరు రాకపోతే మందు అందకపోయే ప్రమాదం ఉంది.

ఈ లోటు పూరించడానికి రాబర్ట్ వెస్ట్, వాన్ డి రిన్ మొదలైన శాస్త్రజ్ఞులు అనేకరకాల మృదుకణజాల గడ్డల్లో ఏయే జన్యువులు ఎంతెంత చురుకుగా ఉన్నాయో పోల్చి చూశారు. జిస్ట్‌లో మాత్రం అసాధారణంగా చురుకుగా ఉన్న ఒక జన్యువు కనిపించింది. దాని పని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ జన్యువుకు ఉన్నది ‘ఎఫ్ఎల్‌జే10261’ అన్న జాబితాసంఖ్య. పరిశోధకులు ‘డిస్కవర్డ్ ఆన్ జిస్ట్ 1’ అని పేరు పెట్టి, మొదటి అక్షరాలు కలిపి ‘డాగ్‌1’ అన్నారు. ‘జిస్ట్ మీద కనిపించినది’ అని దాని అర్థం. 2004లో వెలువడిన ఆ వ్యాసంలో పరిశీలనకు అనువైన 139 జిస్ట్ గడ్డల్లో 136 డాగ్‌1కు స్పందించాయి. పీడీజీఎఫ్ఆర్ఏ మార్పు ఉన్న ఏడు గడ్డలూ స్పందించాయి. వాటిలో అధికభాగం కిట్ పరీక్షలో రంగు రానివే. 2009లో మియెటినెన్ బృందం 1,840 గడ్డలను పరీక్షించి, జిస్ట్‌ను పట్టుకోవడంలో కిట్, డాగ్‌1 రెండూ దాదాపు సమానమేననీ, రెండిటినీ కలిపి చూస్తే తప్పిపోయేవి బాగా తగ్గుతాయనీ చూపింది.

4. పని తెలిసిన తరువాత వచ్చిన పేరు:

ఇదే ప్రోటీన్‌పై వేరేచోట్ల వేరే ప్రశ్నతో పనిచేస్తున్నవారు ఉన్నారు. కాల్షియం పెరిగితే తెరుచుకునే క్లోరైడు ఛానల్ ఒకటి శరీరంలో ఉండాలని శరీరధర్మశాస్త్రజ్ఞులకు దశాబ్దాలుగా తెలుసు. దాని విద్యుత్తును కొలిచారు గాని, ఆ ప్రోటీన్ ఏదో దొరకలేదు. 2008లో ఇటలీలోని జెనోవాలో గాలియెట్టా బృందం, అమెరికాలో లిలీ జాన్ బృందం, దక్షిణకొరియాలో ఊటెక్ ఓ బృందం విడివిడిగా ఒకే జవాబుకు చేరాయి. వారు వెదకుతున్న ఛానల్ ‘టీఎంఈఎం16ఏ’. అది డాగ్‌1కే మరో పేరు. నాలుగేళ్లుగా పెథాలజిస్టులు గోధుమరంగులో చూస్తున్నది ఒక తూము అని అప్పుడు తెలిసింది.

ఆ మరుసటి ఏడాదే ఈ జన్యువు లేని ఎలుకల పేగుల్లో లయతరంగాలు పుట్టడంలేదని రుజువైంది. కహాల్ కణంలో కాల్షియం పెరగగానే ఈ తూము తెరుచుకుని క్లోరైడు బయటికి పోవడం ఆ తరంగాలకు ఆధారం. కాబట్టి జిస్ట్ గడ్డపై డాగ్‌1 కనిపించడం యాదృచ్ఛికం కాదు. పేగును నడిపించే పని చేసిన వంశంలో పుట్టానని గడ్డ చెబుతోంది. మన పరిభాషలో చెప్పాలంటే అది గడ్డ గోత్రం. గడ్డ పెరుగుదలను నడిపే ప్రధానకారణం కిట్ మార్పు. డాగ్‌1 వంశాన్ని పట్టిచ్చే ఆనవాలు. ఈ రెండిటినీ కలిపి ‘క్యాన్సరును కలిగించే అయాన్ ఛానల్’ అని రాయడం తగదు.

కొరియా బృందం దీనికి ‘అనోక్టమిన్’ అని పేరు పెట్టింది. ఋణావేశం గల అయాన్‌ను సూచించే ‘అనయాన్’, ఎనిమిదిని సూచించే ‘ఆక్ట్’ కలిసిన మాట ఇది. ప్రోటీన్ గొలుసు కణంపొరను ఎనిమిదిసార్లు దాటుతుందని అప్పటి అంచనా. 2014లో ఈ కుటుంబానికి చెందిన ఒక శిలీంధ్రప్రోటీన్ ఆకృతి వెల్లడైంది. 2017లో ఎలుకలోని అనోక్టమిన్‌1 ఆకృతి కూడా తెలిసింది. దాటేది ఎనిమిదిసార్లు కాదు, పదిసార్లు. పైగా ఈ కుటుంబంలోని సభ్యులందరూ అయాన్ ఛానళ్లు కారు. కొన్ని కణంపొరలోని కొవ్వు అణువులను అటూ ఇటూ మార్చేవి. అంటే పేరులోని రెండు భాగాల్లో ఒకటి పూర్తిగా పొరపాటు, రెండోది కుటుంబమంతటికీ వర్తించదు. అయినా పేరు మారలేదు. నోటి క్యాన్సర్లలో ఈ జన్యువు ఎక్కువగా కనిపించడంవల్ల వచ్చిన మరో పేరు ‘ఓఆర్ఏఓవీ2’ కూడా రికార్డుల్లో అలాగే ఉంది. ఒక్క ప్రోటీన్‌కు ఇన్ని పేర్లు రావడానికి కారణం, ఒక్కొక్క వర్గం దానిని ఒక్కొక్క దారిలో చేరడం.

5. మందు, ధర, తీర్పు:

పేరు తెలిసినంతమాత్రాన మందు చేతికి అందదు. ఇమాటినిబ్‌ను స్విట్జర్లండ్ సంస్థ నోవార్టిస్ ‘గ్లివెక్’ పేరుతో అమ్మింది. భారతదేశంలో దాని ఖర్చు నెలకు సుమారు 1,20,000 రూపాయలు. హైదరాబాదులో 1981లో నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన నాట్కో ఫార్మా 2003లో అదే మందును ‘వీనాట్’ పేరుతో విడుదల చేసింది. ఇతర దేశీయసంస్థలూ తయారుచేయడంతో ఖర్చు నెలకు పదివేల రూపాయల లోపుకు దిగింది. ఇమాటినిబ్ మెసిలేట్ బీటాస్ఫటికరూపానికి పేటెంటు కోరుతూ నోవార్టిస్ 1998లో చెన్నైలో దాఖలు చేసిన దరఖాస్తును పేటెంటు కార్యాలయం 2006లో తిరస్కరించింది. తెలిసిన పదార్థానికి కొత్తరూపం వస్తే, దాని చికిత్సాసామర్థ్యం పెరిగిందని చూపాలన్న 3(డి) సెక్షను ఇందుకు ఒక ప్రధానాధారం. అభ్యంతరం తెలిపినవారిలో క్యాన్సరు రోగుల సహాయసంఘంతోపాటు నాట్కో ఉంది. వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న న్యాయమూర్తులు ఆఫ్తాబ్ ఆలం, రంజనా దేశాయ్‌లు నోవార్టిస్ అప్పీలును కొట్టివేశారు.

దీనికి ముందటి ఏడాది, 2012 మార్చి 9న, భారతదేశంలో మొదటి నిర్బంధ లైసెన్సు కూడా నాట్కోకే దక్కింది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను తయారుచేయడానికి ఇచ్చిన అనుమతి అది. బాయర్ సంస్థ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముతున్న మోతాదును 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలని అందులో షరతు ఉంది. జీర్ణవ్యవస్థ క్యాన్సర్ల చికిత్సాచరిత్రలో తెలుగునేల స్థానం గురించి రాయవలసివస్తే ఈ రెండు ఘట్టాలను వదిలి రాయలేం. నాట్కో వ్యాపారసంస్థే, దానికి లాభాపేక్ష ఉంది. ఆ సంగతిని దాచి దేశభక్తికథగా రాయడం కూడా చరిత్ర కాదు.

ఇదే కాలంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. అవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. తాడిమర్రి అప్పుడు అనంతపురం జిల్లాలోనిది. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. తెల్లకార్డు కుటుంబాలకు క్యాన్సరు చికిత్స మొదట వర్తించిన ప్రాంతాల్లో ఇదొకటి. అయినా దక్షిణ అనంతపురంవారికి హైదరాబాదుకన్నా బెంగళూరు చాలా దగ్గర. అక్కడి కిద్వాయి స్మారక సంస్థ 1973నుంచీ ఉంది. రోగి వైద్యుడితో తెలుగులోనో కన్నడంలోనో మాట్లాడతాడు. పెథాలజీ నివేదిక మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ‘డాగ్ పాజిటివ్’ అన్న ముక్కను కుక్కకాటుకు సంబంధించినదిగా అర్థం చేసుకునే అవకాశం లేకపోలేదు. నవ్వు తెప్పించే సంగతి కాదిది. ఆ ముక్కే రోగికి ఏ మాత్ర రాస్తారో నిర్ణయిస్తుంది.

6. ఇతర ఛానళ్లు, తెలుగు పదాలు:

డాగ్‌1 ఒక్కటే కాదు. ‘హెర్గ్’ అనే పొటాషియం ఛానల్ పెద్దపేగు క్యాన్సర్లలో కనిపిస్తుందని ఫ్లారెన్స్‌లోని అర్కాంజెలి బృందం చూపింది. దీని పేరు వెనక మరో కథ ఉంది. ఈథర్ మత్తులో కాళ్లు ఆడించే ఈగకు 1960లలో ‘ఈథర్ ఎ గోగో’ అని నృత్యశాలల మాటతో పేరు పెట్టారు. మనిషిలోని సంబంధిత జన్యువుకూ అదే అంటుకుంది. ఈ ఛానల్ గుండెలయకు అత్యవసరం. దానిని అడ్డుకునే మందు గుండెకు ప్రమాదం. అందువల్ల హెర్గ్‌ను గుర్తుగా వాడుకోవడం సులభం, లక్ష్యంగా చేసుకోవడం కష్టం. ‘కేసీఎన్‌క్యూ1’ అనే మరో పొటాషియం ఛానల్ విషయంలో తీరు తలకిందులు. పెద్దపేగు క్యాన్సరులో అది తగ్గిపోవడం చెడ్డసూచన. ఇవి ఇంకా పరిశోధనస్థాయిలోనివే. డాగ్‌1లాగా రోజువారీ పరీక్షలుగా మారలేదు. డాగ్‌1కు కూడా పరిమితులు ఉన్నాయి. లాలాజలగ్రంథుల్లో సహజంగానూ, కొన్ని అన్నవాహిక క్యాన్సర్లలోనూ అది కనిపిస్తుంది. గడ్డ ఎక్కడిది, రూపం ఏమిటి అన్న పాత ప్రశ్నలను వదిలి రంగునొక్కదాన్నే నమ్మడానికి వీల్లేదు.

ఇంగ్లీషులో ‘బయోమార్కర్’ అన్న ఒక్క మాట మూడు వేర్వేరు పనులకు చెల్లుతోంది. వ్యాధి ఏదో చెప్పేది, వ్యాధి ఎటు పోతుందో చెప్పేది, మందుకు లొంగుతుందో లేదో చెప్పేది. తెలుగులో ‘జీవసూచిక’ ఈ మూడింటికీ సామాన్యపదంగా ఉండవచ్చు. మొదటిదానికి మాత్రం మనకు ‘ఆనవాలు’ అన్న మంచిమాట ఉంది. రామాయణకథలో హనుమంతుడు చూపిన ఉంగరం ఆనవాలు. అది పంపినవాడు ఎవరో చెబుతుంది, యుద్ధఫలితం చెప్పదు. డాగ్‌1 సరిగ్గా ఆ అర్థంలోనే ఆనవాలు. రెండోదానిని ‘రోగగతి సూచిక’, మూడోదానిని ‘మందు సూచిక’ అనవచ్చు. పీడీజీఎఫ్ఆర్ఏ జన్యువులోని డీ842వీ అనే మార్పు మూడోరకానికి ఉదాహరణ. అది ఉన్న జిస్ట్‌కు ఇమాటినిబ్ పనిచేయదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పదకోశాలనాటినుంచీ, భావాన్ని చెప్పే మాటలను అనువదించాలా, పేర్లను కూడా అనువదించాలా అన్న చర్చ ఉంది. అనోక్టమిన్‌ను ఎవరైనా ‘అష్టపార ఋణాయాన్ ప్రోటీన్’ అని తెనిగిస్తే, 2008నాటి అంచనాపొరపాటు తెలుగులో శాశ్వతంగా నిలిచిపోతుంది. పైగా ఇంగ్లీషు చదువరికి ‘ఆక్ట్’ కనిపించీ కనిపించకుండా ఉంటుంది. తెలుగు చదువరికి ‘అష్ట’ స్పష్టంగా వినబడుతుంది. కాబట్టి డాగ్‌1, అనోక్టమిన్, హెర్గ్ వంటి పేర్లను లిప్యంతరం చేసి, ఆనవాలు, సూచిక, తూము వంటి భావవాచకాలను తెలుగులో పెట్టడం సరైన విభజన. ‘కిట్, డాగ్‌1 ఆనవాళ్లు కనిపించినవి, గడ్డ జిస్ట్ జాతికి చెందినది’ అని రెండు చిన్న వాక్యాలలో ఆ పెథాలజీ నివేదిక సారాన్ని తెలుగులో రాయవచ్చు. అందులో రోగి తెలుసుకోవలసినదేదీ తగ్గదు, వైద్యుడు మార్చవలసినదేదీ ఉండదు.